స్వాధీనం

ఈ నెల నన్ను పట్టుకున్న మాట స్వాధీనం. తెలుగు వార్తలు వినేవాళ్ళకి ఇది కొత్త మాట కాదు. పోలీసులు గంజాయి స్వాధీనం చేసుకున్నారు, అధికారులు భూమి స్వాధీనం చేసుకున్నారు అని రోజూ చెబుతూనే ఉంటారు. అంటే లాక్కోవడం అని చాలాకాలం అనుకున్నాను. నిఘంటువు తెరిస్తే స్వ, అధీనం అని రెండు ముక్కలు కనిపించాయి. తన అధీనంలో తాను ఉండడం, ఎవరి చేతికిందా లేకపోవడం. పక్షవాతం వచ్చినవాళ్ళని చూసి కాలూ చెయ్యీ స్వాధీనంలో లేవు అంటారు కదా, అది ఇంకో వాడుక. ఇన్ని అర్థాలు ఒక్క మాటలో ఎలా ఇమిడాయా అని ఆలోచిస్తున్న రోజుల్లోనే నేను కింద రాసిన సంగతి జరిగింది.

కొత్తగా చదువుతున్నవారి కోసం మళ్ళీ చెబుతున్నాను. నేను పుట్టింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో. చదివింది కాన్వెంటులో, అంతా ఇంగ్లీషు. ఇంట్లో వంటింటి తెలుగు తప్ప ఇంకేం రాదు. యాభై ఆరేళ్ళకి అ ఆ ఇ ఈ దిద్దాను. ఎక్కడైనా నా వాక్యం కుంటితే సర్దుకోండి.

శనివారం మా గుడి వంటింట్లో పులిహోర నా పని. బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు చాలామందిమి ఉన్నాం, కాబట్టి తపేలా పెద్దదే. ఒక శనివారం ఒకావిడ గిన్నెలు కడిగే చోటికి వచ్చి, సంచీలోంచి ఒక పుస్తకం సగం బయటికి తీసి, అటూ ఇటూ చూసి మళ్ళీ లోపలికి తోసేసింది. "ఆంటీ, ఇది మా అమ్మాయి గదిలో దొరికింది. ఇలాంటివే పదకొండు ఉన్నాయి. మీరు ఇంగ్లీషు బాగా చదువుకున్నవారు. ఇది చదివి దానికి రెండు మాటలు చెప్పండి. నేను చెబితే వినదు" అంది. ఆ అమ్మాయి నాకు తెలుసు. ఇరవై ఏళ్ళు, యూనివర్సిటీలో రెండో ఏడు. సెలవుల్లో వచ్చి మాతోపాటు ప్రసాదం పంచుతుంది. అలాగేనమ్మా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

పుస్తకం పేరు హాంటింగ్ అడలైన్. హెచ్. డి. కార్ల్‌టన్ అనే ఆవిడ రాసింది, 2021లో వచ్చింది. ఈ రకం నవలల్ని డార్క్ రొమాన్స్ అంటున్నారు. ప్రేమకథే, కానీ ప్రేమించేవాడు మంచివాడు కాడు. వెంటాడేవాడు, ఎత్తుకుపోయేవాడు, మాఫియావాడు, ఎవడో ఒకడు. ఈ కథలో అడలైన్ అనే రచయిత్రి అమ్మమ్మ వదిలిపోయిన పాత ఇంట్లోకి వచ్చి ఉంటుంది. ఒకడు బయట చీకట్లో నిలబడి ఆమెని చూస్తుంటాడు. తాళాలు వేసిన ఇంట్లోకి వచ్చి గులాబీ పెట్టిపోతాడు. వాడే హీరో. మిగతా సంగతులు గుడి వాలంటీరు రాయదగినవి కావు. కొన్ని పేజీలు గబగబా తిప్పాను. కొన్ని తిప్పలేదు, అదీ చెప్పాలి.

కథ మొదలవకముందే ఒక పెద్ద హెచ్చరిక ఉంది. ఇందులో ఇవి ఇవి ఉన్నాయి, తట్టుకోలేనివారు చదవకండి అని. మన సినిమాల ముందు పొగాకు ప్రకటన వేస్తారు కదా, అలాగన్నమాట. ఆ పేజీ చూసి నవ్వాను. తర్వాత ఆ పేజీ గురించే ఎక్కువ ఆలోచించాను.

నా అభిప్రాయం అడిగితే, పుస్తకం మరీ పొడుగు. అందులో ఒక పాత కిటుకు కూడా ఉంది. హీరో చేసేది తప్పని రచయిత్రికి తెలుసు. అందుకని అతనికంటే ఘోరమైనవాళ్ళని తెస్తుంది, ఆడపిల్లల్ని అమ్మేవాళ్ళని. హీరో వాళ్ళని వేటాడి చంపుతుంటాడు. వాళ్ళ పక్కన నిలబెడితే ఇతను దేవుడిలా కనిపిస్తాడు. 1919లో ఇ. ఎం. హల్ అనే ఇంగ్లీషు రచయిత్రి ది షేక్ అనే నవల రాసింది. రెండేళ్ళకే రుడాల్ఫ్ వాలెంటినోతో సినిమా తీశారు, చూసినవాళ్ళు ఊగిపోయారట. అందులోనూ అంతే. ఎడారిలో షేక్ ఒక ఇంగ్లీషు అమ్మాయిని ఎత్తుకుపోతాడు. తర్వాత అతనికంటే దుర్మార్గుడైన ఇంకో షేక్ ఆమెని ఎత్తుకుపోతాడు. మొదటివాడు వెళ్ళి విడిపిస్తాడు. విడిపించాడు కాబట్టి మొదట ఎత్తుకుపోయింది కూడా ప్రేమే అయిపోయింది. చివర్లో అతను అరబ్బే కాదు, ఇంగ్లీషు ప్రభువు కొడుకని తేలుతుంది. ఆ కాలం పాఠకులకి ఆ ఊరట కూడా కావాల్సి వచ్చింది మరి. నూరేళ్ళు దాటినా కిటుకు మారలేదు. ఒక్క గుర్రం పోయి కంప్యూటరు వచ్చింది.

ఆ పిల్లతో ఏం చెప్పాలా అని కూర్చుంటే నా సంగతే గుర్తొచ్చింది. నేను 1984లో పెళ్ళయి ఇంగ్లండు వచ్చాను. ఇరవై మూడేళ్ళు. మా ఆయన చెడ్డవాడు కాడు, ఒక్క దెబ్బ కొట్టింది లేదు. నా పాస్‌పోర్టు ఆయన బల్ల సొరుగులో ఉండేది, తాళం ఆయన జేబులో. చెక్కుబుక్కు ఆయనదే. నేను కారు నేర్చుకుంటానంటే, ఎందుకు, నేనున్నానుగా అనేవారు. ఏ చీర కట్టుకోవాలో, ఎవరింటికి వెళ్ళాలో ఆయనే చెప్పేవారు. అప్పుడు దానికి నా దగ్గర పేరు లేదు. తెలుగులో పెత్తనం అనే మాట ఉందని కూడా నాకు తెలియదు.

1986లో మా అబ్బాయి పుట్టాక పోస్టాఫీసులో పిల్లల భత్యం ఇచ్చేవారు. వారానికి 7 పౌండ్ల పైచిలుకు. ఈ దేశంలో ఆ డబ్బు తల్లి చేతికే ఇచ్చేవారు. అదొక్కటే నా సొంత డబ్బు. అందులోంచి కొన్ని పెన్నీలు తీసి చారిటీ షాపులో పాత మిల్స్ అండ్ బూన్ నవలలు కొనేదాన్ని. ఆ కంపెనీ 1908లో లండన్‌లో పుట్టింది. ఖరగ్‌పూర్‌లో కాలేజీ రోజుల్లోనే నాకు వాటి రుచి తెలుసు. పిల్లవాడు నిద్రపోయాక వంటింటి నేల మీద, రేడియేటరుకి వీపు ఆనించి చదువుకునేదాన్ని. హీరో గ్రీకు కోటీశ్వరుడో, ఇటలీ డాక్టరో. మణికట్టు గట్టిగా పట్టుకుంటాడు, ఆజ్ఞలు జారీ చేస్తాడు. కథానాయిక నూట ఎనభై పేజీలు అతన్ని అసహ్యించుకుని, ఆఖరి పేజీలో అతని గుండె మీద వాలిపోతుంది.

ఇంట్లో ఒక పెత్తనం ఉండగా, డబ్బిచ్చి ఇంకో పెత్తనం ఎందుకు కొనుక్కున్నాను? ఈ ప్రశ్న నాకు ముప్పై ఏళ్ళు తట్టలేదు. ఇప్పుడు అడలైన్ కథ చదువుతుంటే జవాబు లాంటిది ఒకటి దొరికింది. ఈ నవలల్లో ఆజ్ఞలిచ్చేవాడు ఆమెని చూస్తాడు. ఆమె ఏం తిన్నది, ఎక్కడ ఉలిక్కిపడింది, జుట్టు ఎటు దువ్వుకుంది, అన్నీ గమనిస్తాడు. లోకం మొత్తం వదిలేసి ఆమె వైపే చూస్తుంటాడు. మా ఆయనకి ముప్పై మూడేళ్ళలో నేను కాఫీలో చక్కెర ఎంత వేసుకుంటానో తెలియదు. నిజంగా పెత్తనం చేసేవాళ్ళకి గమనించే అవసరం ఉండదు. బల్లని ఎవరు గమనిస్తారు, కావాల్సిన చోటికి జరుపుతారు, అంతే. ఆ పుస్తకాల్లో నేను కొనుక్కున్నది ఆజ్ఞల్ని కాదు, ఆ చూపుని.

ఇంకొకటి. మిల్స్ అండ్ బూన్ పాత కథల్లో అతని మనసులో ఏముందో చివరిదాకా మనకి తెలియదు, ఆమెతోపాటు మనమూ ఊహించుకోవాలి. ఇప్పటి నవలల్లో ఒక అధ్యాయం ఆమె చెబితే ఇంకోటి అతను చెబుతాడు. అతని ప్రతి ఆలోచనా మనకి తెలుసు. ఇంట్లో భయపడే మనిషి రోజంతా చేసే పని ఎదుటివాడి మనసులో ఏముందో ఊహించడమే. తలుపు చప్పుడుని బట్టి, చెప్పులు విప్పే తీరుని బట్టి. ఆ పని తప్పిస్తే చాలు, ఎంత చీకటి కథైనా విశ్రాంతిగానే ఉంటుందేమో.

సరే, మళ్ళీ శనివారం వచ్చింది. ఆ పిల్లని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇద్దరం కరివేపాకు దూస్తున్నాం. ఆ పిల్ల ఇంగ్లీషులో మాట్లాడింది, నేను నా తెలుగులో రాస్తున్నాను.

"అమ్మ మీకు పుస్తకం ఇచ్చింది కదా ఆంటీ."

"ఇచ్చింది. చదివాను."

"మొత్తమా?" అని కళ్ళు పెద్దవి చేసింది.

నేను ముందుగా అనుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. ఎత్తుకుపోవడం, బలవంతం, ఇవి ప్రేమ ఎలా అవుతాయి అని. ఆ పిల్ల ఓపికగా విని, "కిందటేడు అమ్మ నాతో నలభై రోజులు రుక్మిణీ కల్యాణం చదివించింది, మంచి సంబంధం రావాలని. అదీ ఎత్తుకుపోవడమే కదా ఆంటీ?" అంది.

నా చేతిలో రెబ్బ అలాగే ఉండిపోయింది. ఎత్తుకుపోవడమే. మన పుస్తకాల్లో దానికి రాక్షస వివాహం అని పేరు కూడా ఉంది. కానీ రుక్మిణి ఏం చేసింది? అన్న రుక్మి శిశుపాలుడికి ఇస్తానని నిశ్చయిస్తే, అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత కృష్ణుడికి తనే కబురు పంపింది. అంతఃపురంలోకి వస్తే నా బంధువులు చస్తారు కాబట్టి అలా వద్దు, పెళ్ళికి ముందు పెళ్ళికూతురు గౌరీపూజకి ఊరి బయటికి వెళ్ళే ఆచారం మాకుంది, అక్కడికి రా అని చోటు చెప్పింది, వేళ చెప్పింది, దారి చెప్పింది. రథం ఆయనది, పథకం ఆమెది. మా గుడి ఉత్సవాల కమిటీలో అంత బాగా ఏర్పాట్లు చేసేవాళ్ళు ఎవరూ లేరు.

అప్పుడు నేను అంబ కథ చెప్పాను. కాశీరాజు కూతుళ్ళని ముగ్గురినీ భీష్ముడు స్వయంవరం నుంచి రథం మీద తీసుకుపోయాడు, తనకి కాదు, తమ్ముడికి. అంబ అప్పటికే సాళ్వుణ్ణి మనసులో కోరుకుంది. ఆమెని ఎవరూ అడగలేదు. తర్వాత చెబితే భీష్ముడు పంపేశాడు, సాళ్వుడు వద్దన్నాడు. రెండు ఇళ్ళకీ కాకుండా పోయింది. శిఖండిగా పుట్టి పగ తీర్చుకోవాల్సి వచ్చింది. బయట నిలబడి చూసేవాళ్ళకి రెండు రథాలూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా ముందు వెళ్ళిన ఆ కబురులో ఉంది.

ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే నా పుస్తకం మొదటి పేజీలో ఉండే హెచ్చరిక కూడా అలాంటి కబురే ఆంటీ. లోపల ఏముందో ముందే చెప్పి అడుగుతుంది. నేను సరే అంటేనే పేజీ తిప్పుతాను. నచ్చకపోతే మూసేస్తాను. అడలైన్ మూయలేదు, నేను మూయగలను" అంది. నాకు జవాబు దొరకలేదు. మన తెలుగులో మౌనం అర్ధాంగీకారం అనే మాట ఒకటి ఉంది. చాలా పెళ్ళిచూపులు ఆ మాట మీదే నడిచాయి, నాదీ అంతే. నేను మాట్లాడలేదు కాబట్టి ఒప్పుకున్నాను అనుకున్నారు. నా ముందు అలాంటి హెచ్చరిక పేజీ ఎవరూ పెట్టలేదు.

ఇదంతా మాట్లాడుతుండగా ఆ పిల్ల ఫోను మోగుతూనే ఉంది. మోత కాదు, వణుకు. మొదట పట్టించుకోలేదు. ఏడోసారో ఎనిమిదోసారో ఆ పిల్ల లేచి, ఫోను ఎత్తి పట్టుకుని, వెనక తపేలా, పొయ్యి కనిపించేలా తన ఫోటో తీసుకుని పంపింది. మళ్ళీ కూర్చుంది.

"ఎవరికి?" అన్నాను.

"ఒక అబ్బాయి. నేను నిజంగా గుడిలోనే ఉన్నానా అని."

"నీ ఫోను చూస్తే తెలుస్తుంది కదా ఎక్కడున్నావో."

"తెలుస్తుంది. అయినా ఫోటో కూడా కావాలి."

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. ఫిబ్రవరి నుంచి అంది. తల్లికి తెలుసా అని అడిగితే నవ్వింది. "అమ్మ కూడా చూస్తుంది నేనెక్కడున్నానో. ఇద్దరికీ తెలుసు, ఒకరి గురించి ఇంకొకరికి తెలియదు."

తల్లి పదకొండు పుస్తకాలు లెక్కపెట్టింది. జేబులో వణికేది లెక్కపెట్టలేదు. నేనూ అంతే, మూడు రోజులు కూర్చుని కాగితం మీది మనిషికి తీర్పు చెప్పాను. ఆ పిల్లకి మాత్రం తేడా తెలియకపోలేదు. పుస్తకంలోవాడు ఎక్కడ ఆగుతాడో తెలుసు, వీడు ఎక్కడ ఆగుతాడో తెలియదు ఆంటీ అంది మెల్లగా.

అప్పుడు సొరుగు సంగతి చెప్పాను. పాస్‌పోర్టు, తాళం, 7 పౌండ్లు, కారు. మా అబ్బాయికి కూడా చెప్పని సంగతులు. ఇంగ్లండు, వేల్స్‌లో 2015 చట్టం ప్రకారం ఇలా మనిషిని పదే పదే అదుపులో పెట్టడం నేరమని, ఐదేళ్ళ దాకా జైలుశిక్ష పడవచ్చని కూడా చెప్పాను. నా రోజుల్లో ఆ చట్టం లేదు. నీకు భయంగా ఉందా అని అడిగాను. కరివేపాకు వైపు చూస్తూ, కొంచెం అంది. యూనివర్సిటీలో ఇలాంటివి చెప్పుకోవడానికి ఒక ఆఫీసు ఉందట. సోమవారం వెళ్తానంది. వెళ్ళింది.

ఆ పిల్లకి చెప్పనిది ఒకటి ఉంది. ఇక్కడ రాస్తున్నాను. జేన్ ఎయిర్ నవల మీలో చాలామంది చదివే ఉంటారు, 1847 నాటిది. రోచెస్టర్ డబ్బున్నవాడు, యజమాని, అబద్ధం చెప్పి పెళ్ళాడబోయినవాడు. జేన్ పారిపోతుంది. చివరికి తిరిగి వచ్చి అతన్ని పెళ్ళాడుతుంది, కానీ ఎప్పుడు? అగ్నిప్రమాదంలో అతని చూపు, ఒక చెయ్యి పోయాక. కాన్వెంటులో మా సిస్టరు దాన్ని త్యాగం అని చెప్పింది. నాకిప్పుడు అలా అనిపించదు. ఇలాంటి కథలన్నిటిలోనూ బలమైనవాడు చివరికి మోకాళ్ళ మీదికి రావాలి. పాఠకురాలు డబ్బిచ్చేది అందుకే.

2014లో మా ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనం తప్పాయి. సొరుగు తాళం నా దగ్గరికి వచ్చింది. చెక్కుల మీద సంతకం నాది. యాభై మూడేళ్ళకి కారు నేర్చుకున్నాను, మూడోసారికి పరీక్ష పాసయ్యాను. ఆయనకి అన్నం కలిపి పెట్టాను, స్నానం చేయించాను, అందరూ మెచ్చుకున్నారు. రెండో ఏడు ఆయన రాజమండ్రి వెళ్ళి అన్నగారిని చూస్తానన్నారు. మాట సరిగా వచ్చేది కాదు, అయినా ఆ మాట స్పష్టంగానే అన్నారు. డాక్టరు ఒప్పుకోలేదని చెప్పాను. డాక్టరు అలా అనలేదు. జాగ్రత్తగా తీసుకెళ్ళవచ్చన్నాడు. ఆ అన్నగారు మరుసటేడు పోయారు. ఆ అబద్ధం చెప్పినప్పుడు నాకు భయమూ వేయలేదు, జాలీ కలగలేదు. హాయిగా అనిపించింది. రెండు పాస్‌పోర్టులూ అదే సొరుగులో ఉన్నాయి. 2017లో ఆయన పోయాక, ఆ ఏడే, తెలుగు పలక కొన్నాను.

నేను పూర్తిగా చదివిన మొదటి తెలుగు నవల యద్దనపూడి సులోచనారాణి గారి సెక్రటరీ. అక్షరం మీద వేలు పెట్టి చదివితే నాలుగు నెలలు పట్టింది. అందులోనూ హీరో డబ్బున్నవాడే, ఉద్యోగం ఇచ్చినవాడే. కథానాయిక చేతిలో ఉన్న ఒకే ఒక ఆయుధం అభిమానం. ఈ మాటకి ఇష్టం అనీ అర్థమే, పౌరుషం అనీ అర్థమే. ఇది కూడా రాసిపెట్టుకోండి. ఇంగ్లీషులో ఈ రెంటికీ కలిపి ఒక మాట నాకు దొరకలేదు.

తర్వాత వారం రాత్రి తొమ్మిదింటికి ఆ పిల్ల తల్లి ఫోను చేసింది. "ఆంటీ, అది ఎక్కడుందో ఫోనులో కనిపించట్లేదు. ఆపేసినట్టుంది. మీకేమైనా చెప్పిందా?" చెప్పింది. లెస్టర్‌లో స్నేహితురాలి ఇంటికి వెళ్తున్నానని, ఆ అబ్బాయికీ అమ్మకీ ఇద్దరికీ ఒకేసారి ఆపేశానని మధ్యాహ్నమే నాకు మెసేజ్ పెట్టింది. తల్లి గొంతులో భయం వింటుంటే నాకూ వణుకు వచ్చింది. చెప్పనా వద్దా? చివరికి, "దానికి మెసేజ్ పెట్టమ్మా. ఎక్కడున్నావని అడక్కు. బాగున్నావా అని మాత్రం అడుగు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "మీకు తెలుసన్నమాట" అని పెట్టేసింది. పావుగంటలో జవాబు వచ్చిందట, బాగున్నానని. అది కూడా నాకు ఆ పిల్లే చెప్పింది. తల్లి నాతో మాట్లాడి మూడు వారాలైంది. గుళ్ళో ఎదురుపడితే దేవుడి వైపు తిరిగి దండం పెట్టుకుంటుంది. ఆవిడ చోటులో ఉంటే నేనూ అంతే చేసేదాన్నేమో.

పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. తెచ్చిచ్చింది తల్లే అయినా పుస్తకం ఆవిడది కాదు. వచ్చే శనివారం ఆ పిల్ల వస్తుంది, ఆ పిల్లకే ఇస్తాను. రెండో భాగం తన దగ్గర ఉందట, కావాలా ఆంటీ అని అడిగింది. ముందు ఆ హెచ్చరిక పేజీ ఒక్కటి ఫోటో తీసి పంపమన్నాను.